రెప్ప వేసే చోటు

మధ్యాహ్నం టీ వేళయ్యేసరికి డేగమ్మ కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. పొద్దున్న ఎనిమిదింటికి పనిగదిలోకి అడుగుపెట్టేటప్పుడు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉండేవి. ఈ మధ్యలో ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు. తెలిసినా నోరు విప్పదు. ఆ విప్పకపోవడం ఎంతదూరం పోయి ఎవరి మెడకు చుట్టుకుందో చెప్పాలంటే ముందు ఆమె పని గురించి చెప్పాలి.

అది ఇంజక్షన్ మందు సీసాలు నింపే ఫ్యాక్టరీ. చివరి గదిలో వరసగా ఆరు బల్లలు. ఒక్కో బల్ల మీద ఒక దీపం, దీపం కింద పక్కపక్కనే రెండు పలకలు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. బొటనవేలంత సీసాను మెడ దగ్గర పట్టుకుని, మందు సుడి తిరిగేలా ఒక్కసారి తిప్పి, నల్ల పలక ముందు అయిదు సెకన్లు, తెల్ల పలక ముందు అయిదు సెకన్లు చూడాలి. గాజు రవ్వ, నూలు పోగు లాంటివి నలుపు ముందు దొరుకుతాయి. నల్లటి నలుసులు తెలుపు ముందు బయటపడతాయి. మంచి సీసా కుడిపక్క ట్రేలోకి, చెడ్డది ఎడమపక్క ఎర్ర డబ్బాలోకి. అంతే పని. చెప్పడానికి అరనిమిషం చాలు గానీ, చేసేవాళ్ళకు సాయంత్రానికి ప్రాణం కళ్ళలోకి వస్తుంది. ఆ మందు ఎవరి నరంలోకో ఎక్కుతుంది. ఒక్క గాజు రవ్వ దాటిపోతే ఏమవుతుందన్న మాట ఆ గదిలో ఎవరూ పైకి అనరు.

మూడో బల్ల డేగమ్మది. పదకొండేళ్ళుగా ఆమెదే. మొదటి ఏడాదిలోనే, మిగతా అయిదుగురూ మంచిదని తేల్చిన సీసాలో వెంట్రుక కంటే సన్నటి పోగును పట్టుకుంది. అప్పటి సూపర్‌వైజర్ "ఇవి కళ్ళా, డేగ కళ్ళా" అన్నాడు. ఆ రోజుతో ఆమె అసలు పేరు జీతం కాగితానికే పరిమితమైపోయింది. మొగుడు కూడా, కోపం వచ్చినప్పుడు మాత్రం కాస్త మర్యాద కలిపి, "డేగగారూ" అంటాడు.

ఆ గదిలో ఒక అలవాటు ఉంది. పని నేర్చుకోవడానికి ఎవరొచ్చినా మొదట నేర్పేది రెప్ప వేయకుండా ఉండటం. "రెప్ప వాల్చావా, నలుసు దాటిపోయింది" అనేది తొలిరోజుల్లో అందరికీ పని నేర్పిన పెద్దావిడ. ఆవిడ రిటైరై వెళ్ళిపోయినా ఆ మాట మాత్రం గోడకు కొట్టిన మేకులా అక్కడే ఉండిపోయింది. టీ తేవడానికి ఎవరు వెళ్ళాలన్నది కూడా దీనితోనే తేలుతుంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకరి కళ్ళలోకి ఒకరు చూస్తారు, ముందు రెప్ప వేసినవాళ్ళు ఫ్లాస్కు పట్టుకుని బయల్దేరాలి. పదకొండేళ్ళలో డేగమ్మ టీ తెచ్చింది రెండేసార్లు. ఒకసారి తుమ్ము వచ్చింది, ఇంకోసారి ఒంట్లో బాగాలేదు.

అలాంటి మనిషికి నలభై మూడో ఏట దగ్గరి చూపు మసకబారింది. కళ్ళజోళ్ళ షాపులో లెన్సులు అమర్చే అమ్మాయి "నలభై దాటాక అందరికీ వచ్చేదే మేడమ్" అంది నవ్వుతూ. అందరికీ వస్తుంది సరే. డేగకు వస్తుందా? ఆ మాటకు డేగమ్మకు ఆ పిల్ల మీద ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేం. కళ్ళజోడు పెట్టుకుంటే వరసంతా చూస్తుంది. పైగా మూతికి మాస్కు కట్టుకుని చేసే పని, ఊపిరి విడిచినప్పుడల్లా అద్దాల మీద ఆవిరి కమ్ముతుంది. అందుకని దూరమూ దగ్గరా రెండూ ఆనే కాంటాక్ట్ లెన్సులు తీసుకుంది. ఇంట్లో మొగుడికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు.

పొద్దున్న వాటితో స్వర్గం కనిపించేది. సబ్బుతో చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, అద్దం ముందు నిలబడి ఒక్కొక్కటీ పెట్టుకునేది. మొదటి రెండు గంటలూ నూలు పోగులు మోకుల్లా కనబడేవి. పదకొండింటికి ఎవరో కళ్ళలో ఇసుక జల్లినట్టు ఉండేది. ఒంటిగంటకు మంట. మూడింటికి లెన్సులు కనుగుడ్డుకు అతుక్కుపోయాయేమో అనిపించేది. పళ్ళ బిగువున భరించేది. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఆలోచించుకోలేదు.

అడిగింది నాలుగో బల్ల మనిషి. ఆమెను అందరూ రేడియో అంటారు, ఆపే మీట లేదు కాబట్టి.

"ఏంటక్కా, ఏడ్చావా?" అంది టీ దగ్గర.

"ఏడుపా? లేదే. కంట్లో ఏదో పడింది."

"పడిందా? మన గదిలోనా?"

డేగమ్మ నాలుక కరుచుకుంది. నాలుగు జల్లెళ్ళలో వడకట్టి వదిలే గాలి ఆ గదిది. కంట్లో నలుసు పడిందంటే ఊళ్ళో ఎక్కడైనా నమ్ముతారేమో గానీ ఆ ఫ్యాక్టరీలో ఎవరూ నమ్మరు. రేడియో ఇంకేమీ అడగలేదు. జాలిగా భుజం తట్టి వెళ్ళిపోయింది. రేడియో ఏమీ అడగకుండా వెళ్ళడమంటే జవాబు తనే తయారుచేసుకుందని అర్థం.

ఆ జవాబు డేగమ్మ అత్తగారు. ఆవిడ ఇరవై ఏడేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. వెనక సీటువాళ్ళకు వినబడేలా మాట్లాడీ మాట్లాడీ గొంతు అలాగే ఉండిపోయింది. "ఉప్పు డబ్బా ఇలా ఇయ్యి" అన్నా నాలుగిళ్ళకు తిట్టినట్టే వినబడుతుంది. మనిషి వెన్న. కానీ వెన్న అన్న సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు, గొంతు మాత్రం వీధి వీధంతా ఎరుగును. కాబట్టి 'కోడలు రోజూ ఏడుస్తోందట, ఆ ముసలావిడేనట' అన్న మాట నడవడానికి కాళ్ళు కూడా అక్కర్లేకపోయాయి.

వారం తిరిగేసరికి అది అత్తగారు పొద్దున్నే నడిచే పార్కుకు చేరింది. ఆవిడ వెళ్ళి బెంచీ మీద కూర్చోగానే ఆడవాళ్ళు మాట మార్చారు. ఒకావిడ మాత్రం ఉండబట్టలేక "కోడలూ ఒక తల్లి కన్న బిడ్డే కదమ్మా" అంది. అత్తగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంటికొచ్చి ఆలోచించింది. కోడలు సాయంత్రం ఎర్రటి కళ్ళతో రావడం ఆవిడ కూడా చూస్తోంది. ఆ రోజు నుంచి గొంతు తగ్గించేసింది. అన్నం వడ్డిస్తే మెచ్చుకోవడం, నీళ్ళ గ్లాసు అందిస్తే "నీకెందుకమ్మా శ్రమ" అనడం. డేగమ్మకు ఇదేమీ అంతుపట్టలేదు. ఆవిడకు ఏదైనా జబ్బు చేసిందేమోనని భయపడి, ఒకరోజు మొగుణ్ణి పక్కకు పిలిచి అడిగింది కూడా.

ఇంతలో శుక్రవారం సూపర్‌వైజర్ అద్దాల గదిలోకి పిలిచాడు. ఇప్పటి సూపర్‌వైజర్ నెమ్మదస్తుడు. మాట అనే ముందు జేబులోంచి పెన్ను తీస్తాడు, అన్నాక మళ్ళీ పెట్టుకుంటాడు.

"కూర్చోమ్మా," అన్నాడు పెన్ను తీసి. "సోమవారం నీ ఏడాది పరీక్ష ఉంది. మూడు వారాలుగా నీ కళ్ళు చూస్తున్నాను. ఇంట్లో ఏదో గొడవ అంటున్నారు. నాకు అనవసరం, అడగను. కానీ మనసు బాగాలేని మనిషిని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టకూడదు. ఆరునెలలు ప్యాకింగ్‌లో ఉండు. తర్వాత చూద్దాం."

ప్యాకింగ్‌లో తప్పేం లేదు. అట్టపెట్టెలు, టేపు, హాయిగా కబుర్లు. కానీ డేగమ్మకు ఆ మూడో బల్ల దీపం ఎవరో ఆర్పేసినట్టు అనిపించింది. జీవితంలో ఆమె ఒక్క పనిలోనే అందరికంటే ముందుంది. బళ్ళో కాదు, వంటలో కాదు, అందంలో అసలే కాదు. ఆ కుర్చీలో మాత్రమే. ఆరునెలలని వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చిన దాఖలా కూడా లేదు.

నిజం నాలుక చివర దాకా వచ్చింది. లెన్సులు సార్, ఇంకేం లేదు సార్. కానీ లెన్సు పెట్టుకుంటే గానీ కనబడని మనిషిని ఆ బల్ల దగ్గర ఎవరు ఉంచుతారు? మనసు బాగాలేకపోతే ఇవాళ కాకపోతే రేపు బాగుపడుతుంది. కళ్ళు పోయాయంటే మరి ఉద్యోగమే పోయినట్టు. ఆ లెక్కతో నోట్లోంచి ఇంకో మాట వచ్చేసింది.

"అవును సార్. మా అత్తగారితో కొంచెం... సర్దుకుంటుంది సార్. సోమవారం దాకా ఆగండి."

ఆయన పెన్ను జేబులో పెట్టుకుని తలూపాడు.

గదిలోంచి బయటికొచ్చాక పది అడుగుల దాకా బతికానురా అనుకుంది. పదకొండో అడుగుకు తన మీద తనకే రోత పుట్టింది. వేడి నీళ్ళు కాచిపెట్టి, కాళ్ళు నొప్పులుంటే నూనె రాసి, పురిటికి పుట్టింటికి పోలేకపోతే తల్లిలా చేసిన మనిషిని, ఒక్క కుర్చీ కోసం గయ్యాళి అత్తను చేసేసింది. అదీ ఆఫీసు గదిలో కూర్చుని, మర్యాదగా, సార్ సార్ అంటూ.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదుటి కుర్చీ చూపించింది.

"కూర్చో అమ్మాయ్. ఒక్కమాట అడుగుతా, దాచకు. నేను నిన్నేమన్నాను?"

"అత్తయ్యా..."

"ఎప్పుడో ఏదో అనే ఉంటాను. నా నోరు నాకు తెలియదా. ఏమన్నానో చెబితే క్షమాపణ అడుగుతాను. వారం రోజుల నుంచి నిద్ర లేదు నాకు. ఎంత గుర్తు చేసుకున్నా దొరకట్లేదు."

ఆ మాట పక్కగదికి కూడా వినబడదు. కిక్కిరిసిన బస్సులో జనాన్ని ముందుకు జరిపిన గొంతు అది. డేగమ్మ ఇక ఆగలేకపోయింది. లెన్సులు, మంట, రేడియో, సూపర్‌వైజర్, తను ఆడిన అబద్ధం, అన్నీ ఒక్క ఊపున చెప్పేసింది. చెప్పి తల దించుకుంది.

అత్తగారు కోడలి గడ్డం పట్టుకుని పైకెత్తి కళ్ళలోకి చూసింది. తర్వాత గట్టిగా ఊపిరి వదిలి వెనక్కి వాలింది.

"హమ్మయ్య," అంది. "నేనేం అనలేదు కదా?"

"ఏమీ అనలేదత్తయ్యా."

"అయితే సరే." ఒక్క నిమిషం ఆ మాటతో స్థిమితపడి, అప్పుడు మండింది ఆవిడకు. "ఏమే, నా పరువు తీసుకెళ్ళి నీ కుర్చీ కింద చెక్కలా పెట్టుకున్నావా? కాలు ఊగకుండానా?"

ఆ గొంతు నాలుగిళ్ళకు వినబడింది. వారం తర్వాత మొదటిసారి. డేగమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"సోమవారం నిజం చెప్పేస్తాను. కుర్చీ పోతే పోయింది."

"కుర్చీ ఎందుకు పోవాలి? నా మొహం నాకు కావాలి, నీ కుర్చీ నీకు కావాలి. రెండూ నిలబడే దారి ముందు చూడు. ఆ లెన్సులు ఇచ్చిన పిల్ల ఎక్కడుంటుంది? రేపు పొద్దున్నే పద, నేనూ వస్తా."

శనివారం షాపు తలుపు తీసేటప్పటికే అత్తాకోడళ్ళు గుమ్మంలో ఉన్నారు. లెన్సుల అమ్మాయి డేగమ్మను గడ్డం ఆన్చే యంత్రం ముందు కూర్చోబెట్టి, లెన్సుల్ని అటూ ఇటూ కదిలించి చూసింది. కొలత సరిగ్గానే ఉంది. పుండు లేదు, గీత లేదు. కన్ను మాత్రం పొడిబారి ఉంది.

"చేతులు కడుక్కునే పెట్టుకుంటున్నారా? కుళాయి నీళ్ళతో కడగట్లేదు కదా? పెట్టుకుని నిద్రపోవట్లేదు కదా?"

అన్నిటికీ డేగమ్మ బుద్ధిమంతురాలి జవాబులే చెప్పింది. ఫ్యాన్ గాలి మొహానికి తగులుతోందా, నీళ్ళు తాగుతున్నారా, మధ్యలో విరామం ఉందా అని ఇంకో పది అడిగింది ఆ అమ్మాయి. గంటకు అయిదు నిమిషాలు కళ్ళకు విరామం ఇస్తారట గానీ డేగమ్మ దాన్ని వాడుకోదట, వాడుకుంటే బలహీనురాలనుకుంటారని. అది కొంత కారణమే గానీ, పదకొండింటికే ఇసుక జల్లినట్టు ఉండటానికి అదొక్కటే చాలదని ఆ అమ్మాయి పెదవి విరిచింది.

"మీరు పని ఎలా చేస్తారో ఒకసారి చూపించండి మేడమ్."

బల్ల మీద లెన్సులు నానబెట్టే ద్రావణం చిన్న సీసాలు ఉన్నాయి. వాటిని వరసగా పేర్చారు. ఒక నల్ల డబ్బా మూత, దాని పక్కన తెల్ల కాగితం. అత్తగారు ఒక్కో సీసా అందించే పని పుచ్చుకుంది. "ఎక్కండి ఎక్కండి, ఖాళీ ఉంది" అంటూ అందిస్తోంది. డేగమ్మ సీసా తిప్పింది, నలుపు ముందు పెట్టింది, తెలుపు ముందు పెట్టింది, పక్కన పెట్టింది. ఆమె షాపులో ఉన్న సంగతే మరిచిపోయింది. సీసా, చూపు, సీసా, చూపు. లెన్సుల అమ్మాయి గడియారం చూస్తూ ఎదురుగా నిలబడింది.

ముందు అత్తగారి చెయ్యి ఆగింది.

"ఇదేం చూపే? పాములా చూస్తున్నావు. రెప్పే వెయ్యవు!"

"రెండు నిమిషాలు," అంది ఆ అమ్మాయి. "మూడంటే మూడుసార్లు వేశారు."

"మూడా?" అంది డేగమ్మ నొచ్చుకుని. "ఒకటి ఎక్కువైంది. ఈమధ్య అలవాటు తప్పుతోంది."

ఆ అమ్మాయి గడియారం మీంచి చూపు తిప్పి డేగమ్మ మొహంలోకి చూసింది. తర్వాత స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

"మేడమ్, మామూలు మనిషి నిమిషానికి పదిహేనుసార్లు రెప్ప వేస్తాడు. కన్నీటి పొర మీద తేలుతుంది ఈ లెన్సు. రెప్ప వేసినప్పుడల్లా ఆ తడి మళ్ళీ పరుచుకుంటుంది. మీరు వెయ్యకపోతే లెన్సు ఎండిపోతుంది. తడి ఆరిన సబ్బు బిళ్ళ సబ్బుపెట్టెకు అంటుకుపోదూ, అలాగ. తప్పు లెన్సుది కాదు."

"రెప్ప వేస్తే నలుసు దాటిపోతుంది," అంది డేగమ్మ. పదకొండేళ్ళ నమ్మకం అంత తేలిగ్గా వదులుతుందా.

"ఎక్కడికి దాటిపోతుంది? సీసా మీ చేతిలోనేగా ఉంది?" అంది అత్తగారు.

డేగమ్మ చేతిలోని సీసా వైపు చూసుకుంది. లెన్సుల అమ్మాయి మాత్రం ఆ చేతుల కదలిక గురించే ఆలోచిస్తోంది. సీసా నలుపు నుంచి తెలుపుకు జరిగేటప్పుడు కళ్ళు కూడా దాంతో పాటు జరుగుతాయి. ఆ జరిగే అరసెకను కన్ను ఎలాగూ ఏమీ చూడలేదు. సీసాను ట్రేలో పెట్టి కొత్తది అందుకునేటప్పుడూ అంతే. ఆ రెండు చోట్లా నిండుగా, పై రెప్ప కింది రెప్పను తాకేలా వెయ్యమంది. పది సెకన్లకు రెండు. గంట గంటకూ విరామం తీసుకోవాలి, బయటికొచ్చి చేతులు కడుక్కుని లెన్సుల మీద వేసుకోదగ్గ చుక్కలు వేసుకోవాలి, ఇంటికి రాగానే లెన్సులు తీసేయాలి. ఇంత చేసినా నొప్పి, ఎరుపు తగ్గకపోతే పెట్టుకోవడం ఆపి వెంటనే డాక్టరుకు చూపించాలని గట్టిగా చెప్పింది. డేగమ్మ అన్నిటికీ తలూపింది, మనసులో మాత్రం ఆ అరసెకను దగ్గరే ఆగిపోయింది.

ఆదివారం ఇంట్లో సాధన. భోజనాల బల్ల మీద ఖాళీ సీసాలు, ఎదురుగా అత్తగారు. సీసా నలుపు నుంచి తెలుపుకు జరగ్గానే ఆవిడ బల్ల మీద తట్టి "రైట్!" అనేది. ఆ మాటకు డేగమ్మ రెప్ప వెయ్యాలి. ట్రేలో పెట్టగానే మళ్ళీ "రైట్!" మొదట్లో రెప్ప పడేది కాదు, బిర్రబిగుసుకుని ఉండేది. మధ్యాహ్నానికి కాస్త దారికొచ్చింది. డేగమ్మ మొగుడు రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి, అయిదు సెకన్లకోసారి రైట్ అంటున్న తల్లినీ, కళ్ళు మూసి తెరుస్తున్న పెళ్ళాన్నీ చూసి, ఏమీ అడగకుండా చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున్న బట్టలు మార్చుకునే గదిలో ఆరుగురూ టోపీలు తొడుక్కుంటున్నారు. డేగమ్మ టోపీ చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఒక మాట చెప్పాలి. నేను ఏడవలేదు. మా అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు. నాకు దగ్గరి చూపు తగ్గింది, లెన్సులు పెట్టుకున్నాను. అవి ఎండిపోయి కళ్ళు ఎర్రబడ్డాయి. సూపర్‌వైజర్ గారి దగ్గర అత్తగారి పేరు చెప్పింది నేనే. అబద్ధం చెప్పాను."

అందరి కళ్ళూ రేడియో వైపు తిరిగాయి. రేడియో మొహం పాలిపోయింది.

"అయ్యో అక్కా, నేను మా అమ్మతో అన్నాను. మా అమ్మ పార్కులో..."

"తెలుసు. మచ్చ వేసిందీ నువ్వే, తీసేదీ నువ్వే. సాయంత్రానికల్లా పార్కంతా తిరగాలి ఈ మాట."

"మధ్యాహ్నానికే తిప్పుతాను," అంది రేడియో. ఆ విషయంలో ఆమె మాటను ఎవరైనా నమ్మొచ్చు.

అద్దాల గదిలో సూపర్‌వైజర్ ముందు కూడా అదే చెప్పింది, కూర్చోకుండానే. ఆయన పెన్ను తీశాడు. తర్వాత పరీక్ష కాగితం ఆమె వైపు తిప్పాడు. పై వరసలో ఒక గడి ఉంది: కళ్ళద్దాలు గానీ లెన్సులు గానీ వాడుతున్నారా?

"ఈ గడి ఎందుకు పెట్టారనుకున్నావమ్మా? రాయడానికే. లెన్సు ఉందని రాస్తే లెన్సుతోనే పరీక్ష చేస్తాం, పాసైతే అంతే సంగతి. ఉండి చెప్పకపోవడమే తప్పు." గొంతు కటువైంది. "ఈ మూడు వారాల నీ ట్రేలన్నీ ఇంకొకళ్ళ చేత మళ్ళీ చూపించాను. బాగున్నాయి కాబట్టి నువ్వు ఇక్కడ నిలబడ్డావు. కానీ ఇవాళ ఒక్క గాజు రవ్వ వదిలినా ఆరునెలలు కాదు, శాశ్వతంగా ప్యాకింగే. తర్వాత నన్ను బతిమాలకూడదు."

"బతిమాలను సార్."

నూట ఇరవై సీసాల ట్రే తెచ్చి మూడో బల్ల మీద పెట్టారు. అందులో కావాలని నలుసులు వేసినవి ఎన్ని ఉన్నాయో ఆయనకే తెలుసు. అయిదు సెకన్లకోసారి చిన్న గంట మోగుతుంది. డేగమ్మ మొదటి సీసా అందుకుంది. సుడి. నలుపు. గంట. జరిపేటప్పుడు రెప్ప. తెలుపు. గంట. పెట్టేటప్పుడు రెప్ప. అత్తగారి "రైట్" చెవిలో మోగుతూనే ఉంది. ఇరవై సీసాలయ్యాయి. మూడు ఎర్ర డబ్బాలోకి వెళ్ళాయి. అరవై అయ్యాయి. కళ్ళలో ఇసుక లేదు. మంట లేదు. లెన్సులు ఉన్న సంగతే తెలియట్లేదు.

డెబ్బయ్యో ఎన్నో సీసా. నల్ల పలక ముందు ఏదో మెరిసినట్టయింది. ఉందా, లేదా? వెనకటి అలవాటు ఎక్కడి నుంచో లేచొచ్చి రెప్పల్ని పట్టి బిగించేసింది. కదలొద్దు, కదిలితే పోతుంది. ఒకటి, రెండు, మూడు సెకన్లు అలాగే చూసింది. కంటి అంచు ఎండుతూ చురుక్కుమంది. అప్పుడు, ఆమె ప్రమేయం లేకుండానే, చోటు కాని చోట, నల్ల పలక ముందే రెప్ప వాలిపోయింది.

పదకొండేళ్ళలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు ఆమెకు. కళ్ళు తెరిచింది.

నలుసు అక్కడే ఉంది. సన్నటి గాజు రవ్వ. మందులో నింపాదిగా తిరుగుతూ, ఇంతకుముందు కంటే స్పష్టంగా. డేగమ్మ కావాలని ఇంకోసారి రెప్ప వేసింది. తెరిచింది. ఉంది. పదకొండేళ్ళు కళ్ళు ఆరబెట్టుకుని కాపలా కాసింది ఈ ఒక్క భయంతోనే. కళ్ళు మూస్తే పోయేదేమీ లేదని తెలియడానికి ఒక్క రెప్పపాటు పట్టింది. సీసాను ఎర్ర డబ్బాలో పెట్టి కొత్తది అందుకుంది. మిగతావి ఎలా అయిపోయాయో ఆమెకే తెలియలేదు.

సూపర్‌వైజర్ ఎర్ర డబ్బాలోని సీసాల అడుగున అంకెలు చూసి, తన కాగితంతో ఒక్కొక్కటీ సరిచూశాడు. గదిలో మిగతా అయిదుగురి చేతులూ ఆగిపోయి ఉన్నాయి. రేడియో కూడా మాట్లాడలేదంటే ఇక చూసుకోండి.

"ఒక మంచి సీసాను చెడ్డదన్నావు," అన్నాడు చివరికి. "అది ఫరవాలేదు. వదిలింది ఒక్కటీ లేదు."

ఆ గడిలో 'లెన్సులు' అని రాసి, కింద సంతకం పెట్టి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "బల్ల నీదే. కానియ్యి," అన్నాడు.

అప్పుడు వచ్చాయి డేగమ్మకు నీళ్ళు. కళ్ళు నిండి, మాస్కు మీదికి జారి, ఆగకుండా. సూపర్‌వైజర్ కంగారుగా మళ్ళీ పెన్ను తీశాడు.

"ఇదేంటమ్మా మళ్ళీ? లెన్సులా? మీ అత్తగారా?"

"కాదు సార్," అంది డేగమ్మ. "ఈ ఏడుపు నాదే."

తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. నాలుగుసార్లు నిండుగా రెప్పలు వేసేసరికి మూడో బల్ల, దీపం, రెండు పలకలు కడిగినట్టు కనబడ్డాయి.